తుదికోరికను ఏ భాషలో వ్రాయవలెను?

మన భాషలో చావును చెప్పటానికి ఉన్నన్ని మాటలు పుట్టుకను చెప్పటానికి లేవు. కాలం చేసినారు, పరమపదించినారు, శివైక్యం చెందినారు, కన్ను మూసినారు, ప్రభువునందు నిద్రించినారు అనేవి గౌరవవాచకాలు. టపా కట్టటం, బాల్చీ తన్నటం వేళాకోళపు మాటలు. ఈ రెండవది ఇంగ్లీషు నుండి దిగుమతి ఐన సరుకని విద్యార్థులు గుర్తించే ఉంటారు. హైదరాబాదు ఉర్దూలో ఇంతకాల్ అయిందంటారు, గుజర్ గయే అంటారు. ఇన్ని మాటలున్నవి గదా అని ఒక్కొక్కటే పట్టి చూస్తే, అన్నీ మిగిలినవారు పోయినవారిని గూర్చి చెప్పుకొనేవే. పోబోయేవాడు తన్ను గూర్చి తాను నిబ్బరంగా చెప్పుకొనదగిన మాట మాత్రం వానిలో కనిపించటం అరుదు.

భాగవతకథకు మూలం ఒక మరణవార్త. ఏడు దినాలలో తనకు చావు తప్పదని పరీక్షిన్మహారాజు విన్నాడు. విన్నాడు కనుకనే గంగాతీరం చేరి, ఆ ఏడు దినాలను ఎట్లా గడపవలెనో తానే నిర్ణయించుకొన్నాడు. శుకుడు ఆయనకు ఖట్వాంగుని కథ చెప్పినాడు. ఖట్వాంగునికి ఉన్న గడువు ఒక్క ముహూర్తమే. ఆ కొద్దిపాటి కాలమూ ఆయనకు చాలినది. ఈ ఇద్దరు రాజులకూ ఉన్న భాగ్యం ఒకటే: వారికి నిజం చెప్పినవారున్నారు. నేడు మన ఆసుపత్రులలో రోగికి తప్ప అందరికీ తెలిసిన రహస్యం రోగి ఆయుఃప్రమాణమే. "ఆయనకు చెప్పకండి డాక్టరు గారూ" అని కొడుకులు గది బయట బతిమాలుతారు. లోపల ఆయనకు తెలుసు. తనకు తెలుసునని పిల్లలకు తెలియరాదని ఆయన తాపత్రయం. ఈ దాగుడుమూతలు అన్ని మతాలలోను, అన్ని కులాలలోను ఉన్నవే. కాని వీని మూల్యం అందరూ ఒకే తీరున చెల్లించటం లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఆ వ్యత్యాసాన్ని గూర్చి.

ముందుగా చట్టం సంగతి. 2004 డిసెంబరులో కె. వెంకటేశ్ అనే యువకుని కథ మన రాష్ట్రాన్ని కదిలించినది. అతడు చదరంగపు ఆటగాడు. కండరాలు క్షీణించిపోయే వ్యాధితో హైదరాబాదు ఆసుపత్రిలో కృత్రిమ శ్వాస మీద ఉన్నాడు. తాను పూర్తిగా చెడిపోకముందే తన అవయవాలు ఇతరులకు ఉపయోగపడవలెనని, అందుకు యంత్రం తీసివేయవలెనని అతని కోరిక. తల్లి సుజాత గారు ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానానికి వెళ్ళినారు. అప్పటి చట్టం అందుకు ఒప్పదని న్యాయస్థానం చెప్పినది. కొద్ది రోజులకే అతడు మరణించినాడు. కళ్ళు మాత్రం దానం చేయగలిగినారు. 2022లో రేవతి దర్శకత్వంలో వచ్చిన 'సలామ్ వెంకీ' హిందీ చిత్రానికి ఆధారం ఈ తల్లీకొడుకుల కథే.

తరువాత ముంబైలో దశాబ్దాల తరబడి అచేతనంగా పడి ఉన్న నర్సు అరుణా శాన్‌బాగ్ విషయమై 2011లో సుప్రీంకోర్టు ఒక అడుగు ముందుకు వేసినది. అసలు మలుపు 2018 మార్చి 9. గౌరవంగా మరణించటం కూడా రాజ్యాంగపు 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చినది. వయోజనుడై, స్థిమితమైన బుద్ధి కలవాడై ఉన్నవాడు, "నేను కోలుకొనే ఆశ లేని స్థితికి వచ్చి, చెప్పుకొనే శక్తి కూడా కోల్పోతే, నాకు ఫలానా చికిత్స వద్దు, నా పక్షాన ఫలానావారు మాట్లాడుతారు" అని ముందే వ్రాసి పెట్టుకొనవచ్చును. లివింగ్ విల్ అని వాడుకలో ఉన్నది దీనినే. ముందస్తు వైద్య నిర్దేశం అని మనం అనుకొనవచ్చును. ఇది విషపు సూది అడగటం కాదు. అది నేటికీ నేరమే. ఇది కేవలం నిష్ప్రయోజనమైన యంత్రాన్ని వద్దనటం.

2018లో పెట్టిన నియమాలు కఠినమైనవి. ఇద్దరు సాక్షులు చాలరు, మొదటి తరగతి జుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం కూడా కావలెను. కోర్టు మెట్లు ఎక్కి తన చావును గూర్చి చెప్పుకొనే ఓపిక ఎవరికి ఉంటుంది? ఆ హక్కు కాగితం మీదనే ఉండిపోయినది. 2023 జనవరి 24న సుప్రీంకోర్టు దానిని సవరించి, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలునన్నది. రోగి ఆ స్థితికి వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఒక వైద్యమండలి, దానిపైన రెండవ వైద్యమండలి చూచి అభిప్రాయం చెప్పవలెను. వీలైనంతవరకు ఒక్కొక్కటి 48 గంటలలో తేల్చవలెను.

మరి ఈ వీలును వినియోగించుకొన్నదెవరు? గోవాలో 2024 మే నెలలో మొట్టమొదటి పత్రం నమోదు చేసుకొన్నవారు బొంబాయి హైకోర్టు గోవా ధర్మాసనపు న్యాయమూర్తి ఎం. ఎస్. సోనక్ గారు. మహారాష్ట్రలో ఇటువంటి పత్రాలను భద్రపరచే అధికారులను నియమించమని హైకోర్టుకు వెళ్ళినవారు నిఖిల్ దాతార్ అనే వైద్యులు. ఒకరు న్యాయమూర్తి, ఒకరు వైద్యులు. వారు ఆదర్శప్రాయులే, తప్పు పట్టటం నా ఉద్దేశం కాదు. కాని దారి తెలిసినవారు ముందు నడిచినారు, దారి ఉన్నదని తెలియనివారు ఎల్.బి. నగర్ కూడలిలో నిలబడి ఉన్నారు.

ఆ కూడలిని ఒకసారి చూడవలెను. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకొన్న ఈ నగర్ హైదరాబాదు తూర్పు ద్వారం. విజయవాడ రహదారి ఇక్కడికే వచ్చి చేరుతుంది. నాగార్జునసాగర్ రహదారి ఆ ప్రక్కనే సాగర్ రింగు రోడ్డు వద్ద కలుస్తుంది. సూర్యాపేట నుండి, నల్లగొండ నుండి, దేవరకొండ తాండాల నుండి అంబులెన్సులో బయలుదేరిన రోగికి నగరంలో మొదట కనిపించే పెద్ద ఆసుపత్రి ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రే. ప్రభుత్వపరంగా వనస్థలిపురంలోను, మలక్‌పేటలోను ఏరియా ఆసుపత్రులున్నవి. బస్తీ దవాఖానాలు 2018 నుండి వచ్చినవి. కొత్తపేటలో పండ్ల బజారు ఉండిన స్థలంలో వేయి పడకల ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసినారు. ఇక దిల్‌సుఖ్‌నగర్ సంగతి చెప్పనవసరం లేదు. కోచింగు కేంద్రాలు, చీరల దుకాణాలు, సాయిబాబా గుడి. అక్కడి నుండి మూసారాంబాగ్ వైపు, సైదాబాదు వైపు నాలుగడుగులు వేస్తే బజారు భాష మారిపోతుంది. తెలుగు బోర్డుల నడుమ ఉర్దూ బోర్డులు, తరువాత ఉర్దూ బోర్డుల నడుమ తెలుగు బోర్డులు.

ఈ ఆసుపత్రులకు వచ్చేవారిలో ముస్లిములున్నారు, క్రైస్తవులైన పేదలున్నారు, లంబాడీలున్నారు, కట్టడపు పనులకై వచ్చిన ఒరియా, బిహారీ కూలీలున్నారు. అల్పసంఖ్యాకులు అనే మాటను శాసనం మతం చేతనో భాష చేతనో నిర్వచిస్తుంది. ఆసుపత్రి గుమ్మంలో దానికి ఇంకొక అర్థం ఏర్పడుతుంది: ఎదుటి వైద్యుడు మాట్లాడే భాష ఎవరికి రాదో, ఎదుటి కాగితం మీది అక్షరం ఎవరికి అందదో అతడు అక్కడ అల్పసంఖ్యాకుడు. ఆ లెక్కన తెలుగువాడు కూడా తన రాజధానిలోనే అప్పుడప్పుడు అల్పసంఖ్యాకుడౌతాడు. నేను చూచిన అంగీకార పత్రాలు చాలవరకు ఇంగ్లీషులోనే ఉన్నవి. తెలుగులో ఉన్న ఒకటి రెండు కూడా ఇంగ్లీషును తెలుగు లిపిలో ఎక్కించినవే. ఉర్దూలో ఉన్న అంగీకార పత్రాన్ని నేనింతవరకు చూడలేదు. ఉర్దూ ఈ రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష ఐనది 2017లో.

నా విద్యార్థి ఒకడు ఉండేవాడు. సాగర్ రహదారి మీది ఒక తాండా వాడు. సరూర్‌నగర్‌లో గది తీసుకొని డిగ్రీ చదివేవాడు. రెండు వారాలు తరగతికి రాలేదు. వచ్చిన తరువాత కారణం అడిగితే, తండ్రి పోయినాడని చెప్పినాడు. కాలేయపు కాన్సరు. రహదారి ప్రక్కనున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినారట. మూడవ రోజు రాత్రి వైద్యుడు వచ్చి, ఇక ఆశ లేదు, శ్వాస ఆగితే వెంటిలేటరు పెట్టమంటారా వద్దంటారా, ఇంట్లోవారితో మాట్లాడి చెప్పమని ఈ కుర్రవానిని అడిగినాడు. తెలుగులోనే అడిగినాడు, సగం ఇంగ్లీషు కలిసిన తెలుగులో. తల్లికి, పెదతండ్రికి లంబాడీ తప్ప సరిగా రాదు. పందొమ్మిదేండ్ల కొడుకు ఆ ప్రశ్నను తన తల్లి భాషలోకి అనువదించవలసి వచ్చినది.

"చెప్పలేకపోయిన సార్. డాక్టరు ఇంకా చూద్దామంటున్నడని చెప్పిన" అన్నాడు.

వెంటిలేటరు నాలుగు రోజులు నడిచినది. ఎకరం పొలం తాకట్టు పడినది. ఐదవ రోజు డబ్బు అయిపోయి, వైద్యుల సలహాకు విరుద్ధంగా మేమే తీసుకొనిపోతున్నామని ఒక కాగితం మీద సంతకం పెట్టి తండాకు బయలుదేరినారు. దారిలోనే ప్రాణం పోయినది. "మీ పరీక్షల అనువాదం మంచిగనే రాసిన సార్, అక్కడ చేయలేకపోయిన" అని తల వంచుకొన్నాడు ఆ పిల్లవాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ ప్రశ్నను అనువదించగల పండితుడు ఎవ్వడూ లేడని మాత్రం చెప్పినాను. అది నిజం కూడా. తండ్రి మరణాన్ని తల్లికి అనువదించటం కొడుకు మీద పెట్టదగిన పని కాదు.

సంతకం పెట్టి తీసుకొనిపోవటం అన్న దానికి ఆసుపత్రి వాడుకలో 'లామా' అని పొట్టిపేరు. మన దేశపు ఐసీయూలలో ఇది నిత్యం జరిగేదే. చికిత్స ఆపుదామా అన్న ప్రశ్నను రోగి విలువల మీద, కోరిక మీద ఆధారపడి తేల్చవలెనని వైద్యసంఘాలు వ్రాసుకొన్నవి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో, గుండె ఆగినప్పుడు తిరిగి నడిపించే ప్రయత్నం ఎప్పుడు వద్దో చెప్పే మార్గదర్శకాలు కూడా ప్రచురించినది. పేదవాని విషయంలో ఆ ప్రశ్నను తేల్చేది బిల్లు. అతని ఇంటివారు చివరకు చేరుకొన్న నిర్ణయం, ధనవంతుడు లివింగ్ విల్‌లో వ్రాసుకొన్న నిర్ణయం ఒకటే కావచ్చును: ఇంటికి పోవటం. కాని ఒకరు నొప్పి మందుతో, నర్సుతో, బంధువుల నడుమకు పోతారు. మరొకరు అప్పుతో, నొప్పితో, మందు చీటీ ఐనా లేకుండా పోతారు.

సైదాబాదు దర్జీ ఒకాయన ఇరవై ఏండ్లుగా నాకు పరిచయం. రెండు మూత్రపిండాలూ చెడి, ఏడాదిపాటు డయాలిసిస్ మీద గడిపినాడు. చదువుకొన్నది కొద్దిపాటి ఉర్దూ, ఐనా వ్యవహారజ్ఞుడు. తన ఇల్లు ఎవరికి ఎంత చెందవలెనో వసీయత్ వ్రాసి పెట్టినాడు. ఆస్తి ఉన్న ముస్లిము వసీయత్ వ్రాయకుండా ఉండటం మంచిది కాదన్నది ఆ సంప్రదాయపు బోధ. ఆస్తిలో మూడవ వంతుకు మించి వారసులు కానివారికి వ్రాయరాదన్నది నియమం. మనకు వీలునామా ఎట్లాగో వారికి వసీయత్ అట్లా. (వీలునామాలో వీలు అనేది ఇంగ్లీషు విల్, నామా పారసీ. రెండు పరభాషలు కలిసి ఇచ్చిన మాటను మనం అచ్చ తెలుగువలె వాడుకొంటున్నాము.) ఐతే మనిషి ఆస్తి విషయంలో అంత జాగ్రత్తపడినవాడు తన దేహం విషయంలో ఏమనుకొంటున్నాడో ఏడాదిలో ఎవరూ అడగలేదు. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి పోయినాడు గదా. అడగటానికి కాలం లేకపోయినది కాదు.

చివరి దినాలలో నన్ను పిలిపించి కాగితం చదవమన్నారు. చదివి చెప్పినాను. బాధ తగ్గించే చికిత్స మాత్రమే చేద్దామని, ఐసీయూ వద్దని వైద్యుడు సలహా ఇచ్చినాడు. ఆయన మంచి వైద్యుడు. సలహా కూడా మంచిదే. అప్పుడు పెద్దకొడుకు నెమ్మదిగా నన్ను ఒక మాట అడిగినాడు: "సార్, ఇది బీమారీ చూసి చెప్తున్నరా, మా పేరు చూసి చెప్తున్నరా?"

వైద్యుని మనసులో అటువంటిదేమీ లేదని నేను నమ్ముతాను. ఐనా ఆ ప్రశ్న గాలిలో నుండి పుట్టలేదు. జీవితమంతా బ్యాంకులో, అద్దె ఇంటి కోసం తిరిగే వీధిలో, ఉద్యోగపు దరఖాస్తులో పేరు చూచిన తరువాత మారిన ముఖాలను చూచినవాడు, ఆసుపత్రిలో మాత్రం ముఖం మారలేదని ఎట్లా నమ్ముతాడు? 2006లో సచార్ సంఘం దేశమంతటికీ, 2016లో సుధీర్ కమిషన్ తెలంగాణకు ముస్లిముల స్థితిగతులను పరిశీలించి నివేదికలు ఇచ్చినవి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో వారు నూటికి సుమారు 12.7 మంది. నివేదికలలోని చదువు, కొలువు, అప్పు లెక్కలే ఆ కుర్రవాని ప్రశ్నగా ఆ ఆసుపత్రి వసారాలో నా ముందు నిలబడినవి.

అమెరికాలో ఈ సంగతిని చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. 1969లో లూయీ కట్నర్ అనే న్యాయవాది లివింగ్ విల్ భావనను ప్రతిపాదించినాడు. 1976లో కాలిఫోర్నియా దానికి శాసనరూపం ఇచ్చినది. 1990లో ఆసుపత్రిలో చేరే ప్రతి రోగికి ఈ హక్కు సంగతి చెప్పి తీరవలెనని కేంద్రశాసనం వచ్చినది. ఐనప్పటికీ తెల్లవారితో పోలిస్తే నల్లవారిలోను, స్పానిషు మాట్లాడేవారిలోను ఇటువంటి పత్రాలు వ్రాసుకొన్నవారు తక్కువేనని అధ్యయనాలు పదే పదే చెప్పినవి. కారణాలలో చదువు ఉన్నది, భాష ఉన్నది, భక్తి ఉన్నది. వీనిని మించి అపనమ్మకం ఉన్నది. అలబామాలోని టస్కీగీలో 1932 నుండి 1972 వరకు ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు సుమారు 400 మంది నల్లజాతి రోగులకు సవాయి రోగం ఉన్నదని తెలిసికూడా, మందు చేతికి వచ్చిన తరువాత కూడా ఇవ్వక, రోగం ఎట్లా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. ఆ కథ విన్న ఇంటిలో ఎవరికైనా "మీకు ఈ చికిత్స అవసరం లేదు" అని వైద్యుడంటే, వినిపించే అర్థం వేరుగా ఉంటుంది.

మన దేశంలో టస్కీగీ జరిగిందని నేననటం లేదు. నేను చెప్పేది ఇంతే: వద్దు అనే హక్కు, కావలెను అన్నప్పుడు దొరికినవానికే హక్కువలె కనిపిస్తుంది. ఏనాడూ నిండుగా వైద్యం అందనివాని ముందు "ఏ వైద్యం వద్దో వ్రాయండి" అని కాగితం పెడితే, అతనికి అది వెలివేతవలె తోస్తుంది. అందుచేత మన సంస్కర్తలు కొందరు అనుకొంటున్నట్లు కరపత్రం పంచినంత మాత్రాన పని జరుగదు.

మరణశయ్య దగ్గర ప్రతివారికీ తమ తమ అక్కరలుంటవి. ముస్లిము ఇంటిలో రోగి ముఖాన్ని కిబ్లా వైపు తిప్పుతారు, చెవి దగ్గర యాసీన్ చదువుతారు, జమ్‌జమ్ నీరు నాలుగు చుక్కలు పోస్తారు. క్రైస్తవుని ఇంటిలో పాస్టరు వచ్చి ప్రార్థన చేస్తాడు. మన ఇండ్లలో తులసితీర్థం. ఐసీయూలో ఈ మూడింటికీ గడియారం ప్రకారం ఐదు నిమిషాలు, ఒక్క మనిషి. ఏ మతంవారికైనా ఇది కష్టమే. కాని అధికారితో మాట్లాడి ఇంకొక పది నిమిషాలు ఇప్పించుకొనగల పలుకుబడి కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. దర్జీగారి భార్య ఆ గాజుతలుపు బయట నేలమీద కూర్చొని యాసీన్ చదివినది. లోపలికి వినిపించినదో లేదో.

నొప్పి లేకుండా చూచే శాస్త్రం మనకు లేకపోలేదు. 1967లో లండనులో సిసిలీ సాండర్స్ స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ నుండి ఈ ఉపశమన సేవ లోకమంతా వ్యాపించినది. 1986లో ముంబైలో శాంతి ఆవేదనా ఆశ్రమం వచ్చినది. హైదరాబాదులో 1955 నుండి ఉన్న ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో గాయత్రీ పాలాట్ మొదలైన వైద్యులు ఎన్నో ఏండ్లుగా దీనిని సాగిస్తున్నారు. బంజారాహిల్స్ రోటరీవారు 2011లో ఆరంభించిన స్పర్శ్ కూడా ఉన్నది. అక్కడ రోగి పైకం చెల్లించనక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వం జిల్లాలలో ఉపశమన కేంద్రాలు తెరచినది. మొదటి వానిలో చేవెళ్ళ ఒకటి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వలన మార్ఫిన్ కొనటానికి ఆసుపత్రికి కూడా లైసెన్సుల మీద లైసెన్సులు కావలసి వచ్చేవి. 2014 సవరణతో ఆ చిక్కు చాలవరకు తీరినది.

ఇప్పుడు పటం చూడండి. చేవెళ్ళ, ఎల్.బి. నగర్ ఒకే రంగారెడ్డి జిల్లా. నడుమ నగరమంతా అడ్డం. స్పర్శ్ ఉన్న ఖాజాగూడ నగరానికి ఆ చివర. ఎం.ఎన్.జె. మాత్రం అంత దూరం కాదు: 2018 సెప్టెంబరు నుండి నడుస్తున్న మెట్రోలో ఎల్.బి. నగర్‌లో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి, బండి మారకుండానే లకడీకాపూల్‌లో దిగవచ్చును. ఐతే మెట్రో ఎక్కగల రోగికి ఇంకా అంతిమదశ రాలేదు. మంచం పట్టిన తరువాత సేవయే ఇంటికి రావలెను. ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఇటువంటి సేవ కావలసి ఉండగా, నూటికి 14 మందికి మాత్రమే అందుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇంటికి వచ్చే సేవ ఎట్లా ఉంటుందో చూడవలెనంటే కేరళలోని మలప్పురం జిల్లాకు పోవలెను. అక్కడి జనాభాలో ముస్లిములు అధికసంఖ్యాకులు. 1993లో కోళిక్కోడులో ఎం. ఆర్. రాజగోపాల్ మొదలైనవారు నాటిన విత్తనం, 2001 నుండి మలప్పురంలో ఇరుగుపొరుగుల సంఘంగా విస్తరించినది. గల్ఫు నుండి సెలవు మీద వచ్చినవాడు, చేపలమ్మేవాడు, కళాశాల విద్యార్థి వారానికి కొన్ని గంటలు శిక్షణ పొంది మంచం పట్టినవారి ఇండ్లకు పోతారు. విరాళాలు చిన్న చిన్న మొత్తాలలో ఊళ్ళోనే పోగవుతవి. 2008లో కేరళ ప్రభుత్వం దీనికై ఒక విధానమే ప్రకటించినది. ఆ ఇంటికి వచ్చే మనిషి ఆ ఇంటి భాషే మాట్లాడుతాడు. మొదటి రోజున చావు ప్రస్తావన ఉండదు. పదవసారి వచ్చినప్పుడు రోగి తానే ఆ మాట ఎత్తుతాడు. కాగితం సంగతి ఆ తరువాత. మన దగ్గర కాగితంతో మొదలుపెట్టి మాటను మరచినాము.

సైదాబాదులో, సరూర్‌నగర్‌లో అటువంటి సంఘం రేపే ఏర్పడుతుందని నేననుకొనను. కాని చేతిలో ఉన్న పని ఒకటి ఉన్నది. అది ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులకు సంబంధించినది. 2023 నాటి సవరణలో 'గెజిటెడ్ అధికారి' అనే మాట ఉన్నది. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు గెజిటెడ్ హోదా ఉన్నది. ప్రభుత్వ కళాశాల అధ్యాపకులకూ ఉన్నది. నోటరీ కోర్టు దగ్గర ఉంటాడు, రుసుము తీసుకొంటాడు. ప్రధానోపాధ్యాయుడు బస్తీలోనే ఉంటాడు. పిల్లవాని తల్లి ఆయనను ఎరుగును. అప్పుడప్పుడు ధ్రువపత్రాల నకళ్ళు పట్టుకొని ఆ గది ముందు నిలబడిన అలవాటు ఆమెకున్నది.

ఆ అధికారి చేయవలసిన పని కేవలం ముద్ర వేయటం కాదు. వ్రాసిన వ్యక్తి ఎవరి బలవంతం లేకుండా, సంగతులన్నీ, వాని పర్యవసానాలన్నీ తెలిసియే వ్రాసినాడని తనకు తృప్తి కలిగినట్లు నమోదు చేయవలెను. ఇద్దరు సాక్షులుండవలెను, వారు స్వతంత్రులైతే మంచిది. తన పక్షాన మాట్లాడవలసినవారి పేర్లు ఒకటికి మించి వ్రాయవచ్చును. మనసు మారితే ఎప్పుడైనా వ్రాతపూర్వకంగా రద్దు చేసుకొనవచ్చును. ఒక ప్రతి ఇంటి వైద్యునికి, ఒకటి నగరపాలక సంస్థ గాని పంచాయతి గాని నియమించిన అధికారికి చేరవలెను. భాష స్పష్టంగా ఉండవలెనని తీర్పులో ఉన్నది. అది ఇంగ్లీషే కావలెనని లేదు. ఉర్దూలో వ్రాయవచ్చును. తెలుగులో వ్రాయవచ్చును. లిపి లేని లంబాడీని తెలుగు లిపిలో వ్రాయవచ్చును. ఆ భాషలో పాటలను, కథలను అట్లా అచ్చు వేస్తూనే ఉన్నారు.

దర్జీగారి పెద్దకొడుకు ఈ మధ్య నా దగ్గరకు వచ్చినాడు. తల్లి తన సంగతి తానే వ్రాయించుకొంటానంటున్నదట. ఉర్దూలో ఒక పేజీ, ఆమె చెప్పగా మనుమరాలు వ్రాసినది. యంత్రం వద్దని మొదటి వాక్యం. ఎవరు ప్రక్కన ఉండవలెనో తరువాతి నాలుగు వాక్యాలు. ధ్రువీకరణకై ఏ బడికి పోవలెనని అడిగినాడు.